కారు వెనుక అద్దం తుడిచేటప్పుడు – మిర్చి రోజుల్లో కొన్ని జాగ్రత్తలు



ఆరోగ్య పత్రికలో కారు అద్దం గురించి ఎందుకు వ్రాస్తున్నారని మీలో కొందరికి అనిపించవచ్చు. బి.పి., షుగరు, కాన్పు జాగ్రత్తలు, టీకాలు – ఇవి కదా మా పని. అయితే మన ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిర్చి కోతలు మొదలైన దగ్గర నుండి కల్లాలు ఎత్తే వరకు, కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతూ మా ఓ.పి.కి వచ్చేవారు చాలామంది ఉంటారు. వారందరూ కోతకు వెళ్ళినవారో, తొడిమలు తీసినవారో అయి ఉండరు. "ఏమి చేస్తుండగా పడిందయ్యా?" అని అడిగితే "కారు తుడుస్తుండగా సిస్టరమ్మా" అనేవారు కూడా వారిలో ఉంటారు.

ఇప్పుడు మన కుటుంబాలలో చాలామంది ఇళ్ళ ముందు కారు ఉంది. కొత్తది కాకపోతే సెకండ్ హ్యాండ్‌ది. ఆదివారం గుడికి వెళ్ళే ఆ కారే సోమవారం కూలీలకు అన్నం తీసుకుని కల్లానికి వెళుతుంది. మరునాడు శాంపిల్ కాయలు డిక్కీలో వేసుకుని గుంటూరు యార్డుకు వెళుతుంది. తాలు కాయలు ఒక టిక్కీ ఇంటికి తేవాలన్నా అదే కారు. కనుక కల్లంలో ఉండే కారం, పొలంలో ఉండే మందు, రోడ్డు మీద ఉండే ఇసుక – అన్నీ దాని మీదికి చేరుతాయి. వాటిలో ఎక్కువ భాగం చేరేది వెనుక అద్దం మీదికే.

వెనుక అద్దం అంటే డ్రైవరు తల దగ్గర ఉండే చిన్న అద్దం కాదు. డిక్కీ పైన, బండి వెనుక ఉండే పెద్ద అద్దం.

దుమ్ము అంతా వెనుకకే ఎందుకు వస్తుంది?

బండి ముందుకు పోతున్నప్పుడు గాలిని చీల్చుకుంటూ పోతుంది. ఆ గాలి రెండు పక్కలా, పైనా జారి వెనుకకు పోతుంది గాని బండి వెనుక వెంటనే కలుసుకోదు. అక్కడ కొంత ఖాళీ ఏర్పడి, టైర్లు లేపిన దుమ్మును తనలోకి లాక్కుంటుంది. డిక్కీ బయటికి పొడుచుకు రాకుండా వెనుక భాగం నిలువుగా ఉండే చిన్న కార్లలో ఇది మరీ ఎక్కువ. అందుకే అటువంటి కార్లలో చాలావాటికి కంపెనీ వారు వెనుక కూడా వైపరు పెడతారు. (వైపరు అనే వస్తువుకు 1903లో అమెరికాలో పేటెంటు తీసుకున్నది మేరీ ఆండర్సన్ అనే మహిళ. కారు సంగతులు మగవారివే అనుకునే మన ఇళ్ళలో ఈ మాట ఒకసారి చెప్పవలసినదే.)

రోడ్డు దుమ్ములో ఉండే ఇసుక రేణువు గాజు కంటే గట్టిది. గ్రానైట్ లారీలు తిరిగే చీమకుర్తి, మార్టూరు రోడ్లలో ప్రయాణించేవారికి దుమ్ము సంగతి మేము చెప్పనక్కరలేదు. పొడి గుడ్డతో ఆ దుమ్మును రుద్దితే అద్దం మీద సన్నని గీతలు పడతాయి. పగలు కనబడవు. రాత్రి వెనుక వచ్చే లారీ లైటు పడితే ఆ గీతలన్నీ వెలిగి, డ్రైవరుకు వెనుక ఏమీ కనబడదు. వైపరును పొడి అద్దం మీద ఆడించినా ఇదే జరుగుతుంది. కనుక మొదట నీళ్ళు, తరువాతే గుడ్డ. ఇది అద్దానికే కాదు, మీ కంటికి కూడా మంచిది. ఎందుకో చెబుతాము.

కారం కంటిలో ఏమి చేస్తుంది?

మిరపకాయలో మంట పుట్టించే పదార్థం పేరు క్యాప్సైసిన్. గింజలను పట్టి ఉంచే తెల్లని భాగంలో అది ఎక్కువగా ఉంటుంది. ఎండిన కాయలను కల్లంలో తిరగవేసినప్పుడు, టిక్కీలకు తొక్కినప్పుడు సన్నని పొడి లేస్తుంది. పక్కనే నిలిపిన కారు అద్దం మీద అది పలుచగా పరుచుకుంటుంది. ఎర్రగా కనబడితే కొంత నయం, జాగ్రత్త పడతాము. చాలాసార్లు మామూలు దుమ్ములాగే ఉంటుంది.

క్యాప్సైసిన్ నిజానికి కంటిని కాల్చదు. మన శరీరంలో వేడిని కనిపెట్టే నాడులు కొన్ని ఉన్నాయి. ఈ పదార్థం తగలగానే అవి "కాలుతోంది" అని మెదడుకు కబురు పంపుతాయి. ఈ కబురు పంపే ద్వారాన్ని మిరపలోని ఇదే పదార్థం సహాయంతో కనిపెట్టిన డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్తకు 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు, మరొకరితో కలిపి. మన గుంటూరు మిర్చి రైతుకు కూడా అందులో కొంచెం వాటా ఇవ్వవలసిందని మా నర్సులు నవ్వుకున్నారు.

అయితే మరి ప్రమాదం ఎక్కడ? నలపడంలో. మంట పుట్టగానే చెయ్యి తనంతట తానే కంటి మీదికి వెళుతుంది. ఆ చేతికి కారం, ఇసుక రెండూ ఉంటాయి. గట్టిగా నలిపితే నల్లగుడ్డు పైనున్న పారదర్శకమైన పొర, అంటే కార్నియా, గీసుకుపోతుంది. పొలాల దుమ్ములో ఫంగస్ ఉంటుంది. గీసుకున్న చోట అది చేరితే పుండు పడుతుంది, తరువాత పువ్వు వేస్తుంది. కారం మంట గంటలో పోతుంది, పువ్వు మాత్రం జీవితాంతం ఉండిపోవచ్చు.

ఇంకొక సంగతి. మన ప్రాంతంలో చాలామంది మగవారికి భుజం మీద తువ్వాలు ఉంటుంది. కారు దిగుతూనే ఆ తువ్వాలుతో వెనుక అద్దం ఒకసారి దులుపుతారు. దులిపి మళ్ళీ భుజం మీద వేసుకుంటారు. పది నిమిషాలకు చెమట పడుతుంది, అదే తువ్వాలుతో ముఖం తుడుచుకుంటారు. కారు తుడిచి కళ్ళు మండి మా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది కథ ఇదే. కారు గుడ్డ వేరు, ముఖం గుడ్డ వేరు. కారు గుడ్డను చంటిపిల్లల గుడ్డలతో కలిపి ఉతకవద్దు. ఉతికినా అందులో కొంత కారం మిగిలి ఉంటుంది.

తుడిచే పద్ధతి

బండిని నీడకు తీసుకురండి. గాలి ఎటు వీస్తున్నదో చూసి, గాలి మీ వీపు వైపు నుండి వచ్చేటట్లు నిలబడండి. ఉబ్బసం ఉన్నవారు, చిన్నపిల్లలు, ఆ మధ్యనే కంటి ఆపరేషన్ అయినవారు దగ్గర ఉండకూడదు. ముక్కుకు మాస్కు, కంటికి మామూలు కళ్ళజోడైనా పెట్టుకోండి. కాంటాక్ట్ లెన్సులు వాడే యువతీయువకులు వాటిని తీసివేసి పని మొదలుపెట్టాలి. కుచ్చు బ్రష్షుతో దులపవద్దు, అది కారాన్ని అద్దం మీద నుండి గాలిలోకి మార్చడం మాత్రమే.

పై నుండి క్రిందికి మగ్గుతో మెల్లగా నీళ్ళు పోయండి. పైపు ఉంటే ధార మెత్తగా పెట్టుకోండి, గట్టిగా కొడితే తుంపర మీ ముఖం మీదికే వస్తుంది. క్యాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు. అందువలన వట్టి నీళ్ళతో పొడి పోతుంది గాని జిడ్డు పోదు. బకెట్టు నీటిలో కొద్దిగా గిన్నెలు తోమే లిక్విడ్ గాని షాంపూ గాని కలిపి, మెత్తని గుడ్డతో నెమ్మదిగా తుడవండి. గుడ్డ జాడించడానికి ఇంకొక బకెట్టు పెట్టుకుంటే మంచిది. వైపరు రబ్బరును కూడా తడిగుడ్డతో తుడవండి. కొన్ని బండ్ల వెనుక వైపరు పూర్తిగా పైకి లేవదు, బలవంతం చేస్తే విరుగుతుంది. చివరకు మంచినీళ్ళు పోసి, పొడి గుడ్డతో అద్దండి. పాత న్యూస్‌పేపరుతో తుడిచే అలవాటు ఉన్నవారు దుమ్ము అంతా పోయిన తరువాతే తుడవాలి.

పని అయిన వెంటనే చేతులకు సబ్బు. చేతులు మండుతుంటే ముందు కొంచెం వంటనూనె రాసి, తరువాత సబ్బుతో రెండుసార్లు కడగండి. ఆ నూనె చిట్కా చేతులకు మాత్రమే. కంటిలో వేయకూడదు.

కంటిలో పడితే

నలపవద్దు. ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. తల ఒక పక్కకు వంచి, కారం పడిన కన్ను క్రింది వైపు ఉండేటట్లు పెట్టి, ముక్కు వైపు నుండి చెవి వైపుకు శుభ్రమైన నీళ్ళు ధారగా పోయండి. రెప్పలు తెరిచి ఉంచాలి. రెండు దోసిళ్ళు చల్లుకుంటే చాలదు, 15 నిమిషాలు పోయాలి. చల్లని తడిగుడ్డ రెప్పల మీద పెట్టుకోవచ్చు. చనుబాలు, ఆముదం, కొబ్బరినూనె, పన్నీరు – ఇవేమీ కంటిలో వేయవద్దు. పెద్దవాళ్ళు ప్రేమతోనే చెబుతారు, వారిని నొప్పించకుండానే వద్దనండి.

ఇంట్లో ఉన్న పాత చుక్కల మందు కూడా వద్దు. వాటిలో కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. కంటికి ఫంగస్ చేరి ఉంటే స్టెరాయిడ్ దానికి ఎరువు వేసినట్లే. మొదటి రోజు ఎరుపు తగ్గినట్లు కనబడి, తరువాత పుండు పెద్దదవుతుంది. కడిగిన గంట తరువాత కూడా నొప్పి ఉన్నా, చూపు మసకగా ఉన్నా, వెలుతురు చూడలేకపోయినా అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి.

నీళ్ళ సంగతి

పల్నాడు వైపు, దర్శి, కనిగిరి వైపు బోరు నీళ్ళు ఎంత ఉప్పగా, గట్టిగా ఉంటాయో మీకు తెలుసు. ఎండలో నిలిపిన కారు మీద ఆ నీళ్ళు పోస్తే తుడిచే లోపలే ఆరిపోయి తెల్లని చుక్కలు మిగులుతాయి. రెంటచింతల ఎండల్లో అయితే చెప్పనే అక్కరలేదు, రేకు తగిలితే చెయ్యి కాలుతుంది. ఉదయం ఎండ ఎక్కక ముందో, సాయంత్రం బండి చల్లబడిన తరువాతో కడగండి.

మంచినీళ్ళ ప్లాంటు నుండి బయటికి వదిలే నీటిని కొందరు పొదుపు చేస్తున్నామనుకుని కారు కడగడానికి తెచ్చుకుంటారు. నీళ్ళలోని లవణాలన్నీ చేరేది ఆ వదిలే నీటిలోనే. అద్దానికి అది బోరు నీటి కంటే అన్యాయం. ముందు బోరు నీటితో కడిగి, చివరలో ఒక్క సీసా ఫిల్టరు నీళ్ళు పోసి తుడిచేస్తే చాలు. తెల్ల చుక్కలు అప్పటికే పడి ఉంటే, వెనిగరు ఒక వంతు, నీళ్ళు ఒక వంతు కలిపి గుడ్డతో ఐదు నిమిషాలు అద్దిపెట్టి కడగండి. ఒక్కసారికి పోకపోతే రెండవసారి చేయండి.

కారును సాగర్ కాలువ గట్టు మీదికి తీసుకువెళ్ళి కడగడం మానాలి. కుడి కాలువ నీళ్ళతోనే ఎన్నో ఊళ్ళ మంచినీటి చెరువులు నింపుతారు. కారు మీది పురుగుమందు, ఆయిలు అందులోకి పోతాయి. పైగా కాలువ లైనింగు నున్నగా ఉంటుంది, నాచు పట్టి ఉంటుంది. బకెట్టు ముంచబోయి జారితే ఈత వచ్చినవారికి కూడా పట్టు దొరకదు.

మందుల విషయంలో తొందరపడవద్దు

మా ఆసుపత్రిలో నేల మీద రక్తం పడితే ఒక శాతం హైపోక్లోరైట్ ద్రావణం, అంటే బ్లీచింగు నీళ్ళు వాడతాము. గదులు తుడిచేవారికి మేము నేర్పే మొదటి పాఠం బ్లీచింగును దేనితోనూ కలపకూడదని. ఇంట్లో ఈ పాఠం ఎవరూ చెప్పరు. అద్దం మీద మొండి మరక ఉందంటే, ఉన్న సీసాలన్నీ ఒక బకెట్టులోకి వంచుతారు.

బ్లీచింగును బాత్‌రూమ్ యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. అమ్మోనియా ఉన్న గాజు లిక్విడ్‌తో కలిపితే క్లోరమిన్ అనే వాయువు పుడుతుంది. వెనిగరుతో కూడా కలపకూడదు. తలుపులు మూసిన కారులో కూర్చుని వెనుక అద్దం లోపలి వైపు తుడిచేవారికి ఈ వాయువు తగిలితే ఊపిరి తిత్తులు దెబ్బతింటాయి. వెంటనే బయటికి, గాలి ఆడే చోటికి తీసుకురండి, తడిసిన బట్టలు విప్పండి, 108కి ఫోన్ చేయండి. కాసేపటికి దగ్గు తగ్గి బాగున్నట్లు అనిపించినా ఇంటికి వెళ్ళిపోకూడదు. కొన్ని గంటల తరువాత ఆయాసం పెరగవచ్చు.

బాత్‌రూమ్ యాసిడ్ వెనుక అద్దానికి అసలు వద్దు. మరక సంగతి ఏమోగాని చుట్టూ ఉన్న పెయింటు, రబ్బరు పోతాయి. మరకలు, తుప్పు తీసే కొన్ని ద్రావణాలలో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ గాని, అమ్మోనియం బైఫ్లోరైడ్ గాని ఉంటుంది. లేబుల్ మీద ఆ పేర్లు ఉంటే కొనవద్దు, లేబుల్ లేకపోతే అసలే కొనవద్దు. పలుచని హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ చర్మం మీద పడితే మొదట ఏమీ అనిపించదు. కొన్ని గంటలకు లోపల ఎముక దాకా నొప్పి పుడుతుంది, శరీరంలోని కాల్షియంను లాగేస్తుంది. అటువంటిది పడితే బాగా కడిగి, నొప్పి కోసం ఎదురుచూడకుండా సీసాతో సహా ఆసుపత్రికి రండి.

కంటిలో యాసిడ్ గాని, సున్నం, అమ్మోనియా వంటి క్షారం గాని పడితే అర్ధగంట ఆపకుండా నీళ్ళు పోసి, ఆ తరువాత బయలుదేరండి. యాసిడ్ కంటే క్షారం లోతుకు దిగుతుంది. పాన్ సున్నం కంటిలో పడిన పిల్లలను చూసినవారికి ఇది తెలుసు. ముందు ఆసుపత్రికి పరుగెత్తి అక్కడ కడుగుదామనుకుంటే దారిలోనే కన్ను పోతుంది.

అద్దం, దాని మీద గీతలు, స్టిక్కర్లు

ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ పెట్టి చేస్తారు, పగిలినా అంటుకుని ఉంటుంది. వెనుక అద్దం చాలా కార్లలో ఒకే పొర, బాగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చినది. అరచేతి ఒత్తిడికి ఆగుతుంది గాని, అంచు మీద సూదిలాంటి దెబ్బ తగిలితే మొత్తం ఒకేసారి చిన్న చిన్న పలుకులై రాలుతుంది. అంచులో ఇప్పటికే చిట్లి ఉంటే ఎండకు కాలిన అద్దం మీద ఫ్రిజ్ నీళ్ళు పోయవద్దు. పగిలితే పలుకులను చేతితో ఎత్తవద్దు, చెప్పులు లేకుండా దగ్గరకు పోవద్దు. కంటిలో పలుకు గుచ్చుకుంటే లాగవద్దు, ఒత్తిడి పడకుండా ఒక కాగితపు కప్పు కంటి మీద అడ్డుపెట్టి తీసుకురండి. చెయ్యి తెగినవారు ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నారో గుర్తు తెచ్చుకుని రండి.

లోపలి వైపు సన్నని గోధుమ రంగు గీతలు అడ్డంగా ఉంటే అవి అలంకారం కాదు. వెండి కలిసిన రంగుతో అచ్చువేసినవి. కరెంటు పారి వేడెక్కి అద్దం మీది మంచును పోగొడతాయి. గీత ఒక చోట తెగితే ఆ గీత మొత్తం పనిచేయదు. కనుక లోపలి వైపు గీతల వెంబడి, ఎడమ నుండి కుడికి, తడి పిండేసిన మెత్తని గుడ్డతో తుడవాలి. బ్లేడు, పీచు, చేతి ఉంగరం తగలకూడదు. స్ప్రే అద్దం మీద కాకుండా గుడ్డ మీద కొట్టుకోండి.

డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున హైవే మీద మంచు పట్టినప్పుడు ఈ గీతల విలువ తెలుస్తుంది. నలుచదరపు గుర్తులో మూడు వంకర బాణాలు ఉన్న బటను వెనుక అద్దానిది. దానిని నొక్కండి, ఎ.సి. కొద్దిగా వేయండి. అద్దం తుడవడానికని 16వ నంబరు జాతీయ రహదారి పక్కన బండి ఆపి, వచ్చే లారీలకు వీపు పెట్టి నిలబడవద్దు. కాజ, బొల్లాపల్లి, టంగుటూరు టోల్ గేట్లు దాటాక గాని, పెట్రోలు బంకులో గాని ఆపుకోవచ్చు.

స్టిక్కర్ల విషయం కొంచెం మొహమాటం వదిలి చెప్పాలి. వాక్యాలు, పిల్లల పేర్లు, హీరో బొమ్మలు, నాయకుల ఫొటోలు – అద్దం నిండా అంటిస్తున్నారు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 100వ నియమం ప్రకారం వెనుక అద్దం కూడా కనీసం 70 శాతం వెలుతురును లోపలికి రానివ్వాలి. నల్ల ఫిలిం అంటించరాదని సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న తీర్పు చెప్పింది. వాక్యం పెట్టుకోవాలంటే క్రింది అంచున చిన్నదిగా పెట్టుకోండి, లేదా బంపరు మీద పెట్టుకోండి. పాత స్టిక్కరును వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో నానబెట్టి, పాత ఏ.టి.ఎం. కార్డు అంచుతో మెల్లగా లేపవచ్చు. మిగిలిన జిగురుకు కొబ్బరినూనె రాసి, సబ్బుతో కడగండి. పెట్రోలు, తిన్నరు వాడవద్దు. పక్కన ఎవరైనా బీడీ వెలిగిస్తే చాలు, గుడ్డా చెయ్యీ కలిసి అంటుకుంటాయి.

పురుగుమందు పడిన బండి

మందు కొట్టే పత్తి చేను పక్కన నిలిపిన బండి మీద పడే తుంపర సామాన్యంగా సబ్బునీళ్ళతో పోతుంది, దానికి భయపడనక్కరలేదు. డిక్కీలో డబ్బా కారితే మాత్రం వేరు. రబ్బరు గ్లవుసులు వేసుకుని, తలుపులన్నీ తెరిచి శుభ్రం చేసి, ఆ తరువాత స్నానం చేసి బట్టలు మార్చుకోండి. ఆ గుడ్డలు మళ్ళీ వాడవద్దు. చెమట, నోట చొంగ, వాంతి, చూపు మసక, కండరాలు అదరడం – వీటిలో ఏది కనబడినా డబ్బాతో సహా రండి. డబ్బా మీది పేరును బట్టే డాక్టరుగారు విరుగుడు మందు నిర్ణయిస్తారు.

అద్దం తళతళలాడినా కనబడనిది

ఇక బండి వెనుకకు తీసే సంగతి. మా వెల్ బేబీ క్లినిక్కులో కొలిచే రెండేళ్ళ బిడ్డ ఎత్తు సుమారు 85 సెంటీమీటర్లు ఉంటుంది. చాలా కార్లలో వెనుక అద్దం క్రింది అంచు నేల నుండి ఒక మీటరు ఎత్తులోనో, అంతకు పైననో ఉంటుంది. మీరు అద్దాన్ని ఎంత మెరిపించినా, డిక్కీకి ఆనుకుని నిలబడిన ఆ బిడ్డ డ్రైవరుకు కనబడదు. కూర్చున్న బిడ్డ అసలే కనబడదు.

మన కల్లాలలో ఇంకొక ప్రమాదం ఉంది. తొడిమలు తీయడానికి వచ్చిన తల్లులు చంటిబిడ్డలను ఎక్కడ పడుకోబెడతారు? చెట్టు లేని చోట నీడ ఉండేది బండి పక్కనే. ట్రాక్టరు గాని, టాటా ఏస్ గాని, మీ కారు గాని ఆగి ఉంటే దాని నీడలో గోనె పరిచి పడుకోబెడతారు. ఎండ తిరిగేకొద్దీ నీడ జరుగుతుంది, బిడ్డను కూడా నీడతో పాటు బండి క్రిందికి జరుపుతారు. మధ్యాహ్నం మీరు వచ్చి బండి ఎక్కేసరికి బిడ్డ ఎక్కడ ఉన్నదో తల్లికి తప్ప ఎవరికీ తెలియదు. తల్లి తల ఎత్తకుండా కాయలు ఒలుస్తూ ఉంటుంది.

2019 జూలై నుండి మన దేశంలో తయారయ్యే కార్లకు వెనుక సెన్సారు తప్పనిసరి చేశారు. అంతకు ముందు బండ్లకు చాలావాటికి లేదు. ఉన్నా, నేల మీద పడుకున్న బిడ్డను అది పట్టుకుంటుందని నమ్మకూడదు. బురద, కారం పొడి కప్పేస్తే సెన్సారు గాని కెమెరా గాని ఏమీ చెప్పవు. వెనుక అద్దం తుడిచినప్పుడల్లా ఆ కెమెరా కన్నును కూడా తడిగుడ్డతో తుడవండి. బండి ఎక్కే ముందు చుట్టూ ఒకసారి నడిచి, వంగి క్రిందికి చూడండి. దీనికి అర నిమిషం పడుతుంది. ఆదివారం ఆరాధన అయిన తరువాత గుడి ఆవరణలో పది కార్లు ఒకేసారి కదులుతాయి, పిల్లలు వాటి మధ్యనే పరుగెత్తుతారు. ఇంటిలో ఒకరు పిల్లల చేతులు పట్టుకుని డ్రైవరుకు కనబడే చోట, అంటే బండి ముందు పక్కగా నిలబడాలి. "రానీ, రానీ" అని వెనుక నిలబడి చెప్పే పని పిల్లలకు ఇవ్వకూడదు.

టైరు గాని, బంపరు గాని బిడ్డకు తగిలితే, పైకి గీత కూడా లేకపోయినా, బిడ్డ లేచి ఆడుకుంటున్నా, ఇంటికి తీసుకువెళ్ళవద్దు. పిల్లల పక్కటెముకలు మెత్తగా వంగుతాయి, అవి విరగకుండానే లోపల కాలేయమో, ప్లీహమో చిట్లవచ్చు. కడుపు ఉబ్బడం, ఒళ్ళు పాలిపోవడం కొన్ని గంటల తరువాత గాని తెలియదు. మెడ, నడుము వంగకుండా బల్ల మీదనో, గట్టి అట్ట మీదనో పడుకోబెట్టి, 108లో గాని, ఉన్న బండిలో గాని వెంటనే బయలుదేరండి. ఆపరేషన్ అవసరం కావచ్చు గనుక, ఎంత ఏడ్చినా దారిలో పాలు, నీళ్ళు పట్టవద్దు.